రాబందు ఎదగాలంటే ఐదేళ్లు, దాన్ని చూసే కొలువు రెండేళ్లే

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో బయటపడింది. రాబందును కళ్లతో చూసి చాలా ఏళ్లయిందని ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పుకుంటున్న రోజులవి. ఆ తర్వాత అటవీ శాఖ చుట్టుపక్కల ఊళ్ల యువకులనే ట్రాకర్లుగా పెట్టుకుని గూళ్లకు కాపలా, పిల్లల లెక్క మొదలుపెట్టింది. దీని మీద వార్త వచ్చినప్పుడల్లా రెక్కలు చాపిన పక్షి ఫొటో పెద్దగా వేస్తారు. ఆ గుట్ట కింద ఏళ్ల తరబడి నిలబడాల్సిన మనిషి గురించి మాత్రం ఎవరూ రాయరు. ఉత్తర తెలంగాణలో పక్షుల భవిష్యత్తు ఆ మనిషి కొలువు ఎన్నాళ్లుంటుందన్న దాని మీదే ఆధారపడి ఉందని నా గట్టి నమ్మకం.

రాబందు జీవితం చాలా నెమ్మది. జంట ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుంది. పొదగడానికి దాదాపు రెండు నెలలు, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ పిల్ల పెద్దదై తన గుడ్డు తను పెట్టేసరికి ఐదేళ్లు గడుస్తాయి. మన దగ్గర వన్యప్రాణి పరిశోధన కొలువులేమో ఎక్కువగా రెండు మూడేళ్ల ప్రాజెక్టులు. అంటే ఒక జీవశాస్త్రవేత్త గూటిలో చూసిన పిల్ల తల్లి అయ్యే లోపే అతని కాంట్రాక్టు అయిపోతుంది. కొత్తగా వచ్చినవాడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కొండ చరియ మీద తెల్లటి రెట్ట చారలు ఎక్కడ తాజాగా ఉన్నాయో, ఏ అంచు మీద ఈసారి జంట కూర్చోలేదో ముందు చెప్పగలిగేది స్థానిక ట్రాకరే. ఆ జ్ఞానం ఏ థీసిస్‌లోనూ ఉండదు. ట్రాకర్ జీతం ఆగి పనికి వేరే ఊరు పోతే అది కూడా అతనితోపాటే పోతుంది.

గుట్ట దగ్గర కాపలా కాస్తే సగం పని అయినట్టు కూడా కాదు. రాబందును చంపింది వేటగాడు కాదు, పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు కళేబరం తింటే రాబందు కిడ్నీలు పాడై చనిపోతుందని 2004లో తేలింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అప్పటికే నష్టం జరిగిపోయింది. 1992 నుంచి 2007 మధ్య దేశంలో పొడుగు ముక్కు రాబందుల సంఖ్య దాదాపు 97 శాతం పడిపోయింది. వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో మందు ఉన్నా ఈ జాతి కూలిపోవడానికి చాలు. రాబందులకు అలాగే హాని చేసే ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అనే నొప్పి మందుల మీద నిషేధం 2023లో గానీ రాలేదు.

కాబట్టి అసలు పని పశువుల కొట్టం దగ్గర ఉంది. "సారూ, ఎద్దు కుంటుతుంటే సూది వేయించకుండా ఎట్లుంటం?" అని రైతు అడిగితే జవాబు చెప్పగలగాలి. మెలాక్సికామ్ వేయిస్తే ఎద్దుకు నొప్పి తగ్గుతుంది, రాబందుకు హాని ఉండదు. ఆ మాట ఒక అవగాహన సదస్సులో మైకు పట్టుకుని చెబితే ఎవరి బుర్రకూ ఎక్కదు. ఊళ్లో పశువులకు సూదులు వేసే గోపాలమిత్రతో, మెడికల్ షాపు ఆయనతో చాయ్ తాగుతూ పదిసార్లు మాట్లాడాలి. ఊరు నమ్మాలంటే ఆ ఊళ్లో కనిపిస్తూ ఉండాలి.

అలా ఉండిపోయిన మనిషి ఏం చేయగలదో అస్సాంలో వన్యప్రాణి జీవశాస్త్రవేత్త పూర్ణిమా దేవి బర్మన్ చూపించారు. 2007లో హర్గిలా అనే పెద్ద కొంగ గూళ్లున్న చెట్టును యజమాని నరికించాడు. పిల్లలు నేల పాలయ్యాయి. అడగబోయిన ఆమెనే ఊరివాళ్లు ఎదురు తిట్టారు. ఆమె పీహెచ్‌డీ పక్కన పెట్టి ఆ ఊళ్లలో ఆడవాళ్లతో కలిసి పనిచేశారు. గుడ్లు పెట్టే కాలంలో ఆ పక్షికి శ్రీమంతం చేయించారు, మగ్గాల మీద చీరల్లో దాని బొమ్మ నేయించారు. దాదరా, చుట్టుపక్కల ఊళ్లలో 28గా ఉన్న గూళ్లు 250 దాటాయి. పీహెచ్‌డీ 2019లో పూర్తయింది. మన యూనివర్సిటీల్లో ఏ విద్యార్థి అయినా అన్నేళ్లు ఆలస్యం చేస్తే ఫెలోషిప్ ఎప్పుడో ఆగిపోతుంది. ఆమె ఆలస్యమే ఆ పక్షిని కాపాడిందని నేను అంటాను.

వరంగల్ వైపు ఇదే అవసరం చెరువుల దగ్గర ఉంది. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నుంచి మనుషులకు పంటనిచ్చినట్టే పక్షులకు కూడు పెడుతున్నాయి. తామరాకుల మీద నడిచే జకానా పిట్టను తీరిగ్గా గమనించండి. గుడ్లు పొదిగేది, పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని పరుగెత్తేది మగ పక్షి. దానికి ఆకులు పరుచుకున్న నిలకడ నీళ్లు కావాలి. నత్తలు ఏరుకునే కొంగలకు శిఖం (చెరువులో నీళ్లు పరుచుకునే భూమి) వైపు మోకాలి లోతు నీళ్లు కావాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు రైతు పొలాలకు మట్టి దొరికింది. అది మంచి పనే. కానీ జేసీబీ ఎక్కడ ఆగాలో, ఏ ఒడ్డు వాలుగా వదలాలో చెప్పే పక్షి శాస్త్రవేత్త ప్రతి జిల్లాలో ఒక్కరు ఉన్నా బాగుండేది. మత్స్యకారుల సొసైటీలకు ఏ నెలలో ఏ మూలన ఏ పిట్ట గూడు పెడుతుందో తెలుసు. వాళ్లను అడిగి రాసుకునే మనిషి కావాలి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. తొంభై ఏళ్ల తర్వాత కూడా పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తోంది. అలాంటి లెక్క ఇప్పుడు రాసిపెట్టకపోతే మన మనవలు దేనితో పోల్చుకుంటారు?

కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ చదివే పిల్లల్లో ఈ పని మీద ఇష్టం ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లను ఆపేది ఇంట్లో అడిగే ఒకే ప్రశ్న, "పర్మనెంట్ ఉద్యోగమేనా?" ఆ తల్లిదండ్రుల టెన్షన్‌లో తప్పు లేదు. జవాబు ప్రభుత్వం ఇవ్వాలి. జిల్లాకొక పక్షి జీవశాస్త్రవేత్త పోస్టును రెగ్యులర్‌గా మంజూరు చేయాలి. పశువైద్యశాలలు, మెడికల్ షాపులు తిరగడం కూడా ఆ డ్యూటీలో భాగమని ఉత్తర్వులోనే రాయాలి. బెజ్జూర్ ట్రాకర్ల జీతాలకు కంపా నిధుల్లో (అటవీ భూమిని వేరే పనులకు ఇచ్చినప్పుడు వసూలు చేసే పరిహారం) విడిగా పద్దు పెట్టాలి. గూళ్లు ఖాళీగా ఉండే వానాకాలం నెలల్లోనూ ఆ జీతం ఆగకూడదు. అప్పుడు కూడా రాబందులు కళేబరాలు తింటూనే ఉంటాయి, పశువులకు సూదులు పడుతూనే ఉంటాయి.