ఆనెకాయా, పులిపిరా?

(చిక్కడపల్లిలో ఓ ఇల్లు. సూర్యం గారు కుడి అరికాలును ఒళ్లో పెట్టుకుని బ్లేడు పట్టుకున్నారు. శారద వంటింట్లోంచి వచ్చింది.)

శారద: ఏమండీ! ఆ బ్లేడు కింద పెట్టండి.

సూర్యం: అరవకు. ఆనెకాయ చెక్కుకుంటున్నాను. రోజూ ఇందిరా పార్కులో అంత నడిస్తే రాదా మరి!

శారద: మీరు గేటు దాకా వెళ్లి, ఇడ్లీ తిని, రాజకీయాలు మాట్లాడి వస్తారు. కాయ కాస్తే నాలుక మీద కాయాలి.

సూర్యం: ఎన్నిసార్లు చెక్కినా మళ్లీ మొలుస్తోంది, మొండిది.

శారద: చూడనివ్వండి. (కళ్లజోడు సవరించుకుని) ఈ నల్లచుక్కలేమిటి?

సూర్యం: పార్కు మట్టి.

శారద: మట్టయితే స్నానంతో పోవాలి. మీరు చేస్తున్నారనే నమ్మకంతోనే అంటున్నాను. ఇవి సన్నటి రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం. ఇదిగో, అరికాలి గీతలు ఆనెకాయ మీదుగా అయితే సాగిపోతాయి. ఇక్కడ పక్కకు తప్పుకుంటున్నాయి. వాటికున్న తెలివి మీకు లేదు.

సూర్యం: ఈ వైద్యం ఎక్కడ చదివావు?

శారద: అమ్మాయి చేతికి ఇలాంటిదే వచ్చినప్పుడు చర్మవైద్యుడి దగ్గర కూర్చున్నది నేనేగా. మీరు క్రికెట్ చూస్తున్నారు. పైనుంచి నొక్కితే నొప్పా?

సూర్యం: కొంచెం.

శారద: ఇలా రెండు పక్కలా పట్టుకుని పిండితే?

సూర్యం: అమ్మో, చంపేశావే!

శారద: పులిపిరే. ఆనెకాయ సాధారణంగా నొక్కితే నొప్పి పెడుతుంది, ఇది పిండితే.

సూర్యం: పులిపిరి అరికాల్లోనా?

శారద: మీ బరువుకు లోపలికి అణిగిపోయింది. హెచ్‌పీవీ అనే వైరస్ పని. మనుమడితో ఈతకొలను దగ్గరికి వెళ్లి, తడినేల మీద ఉత్తకాళ్లతో తిరిగిందెవరు?

సూర్యం: హెచ్‌పీవీనా! అది క్యాన్సర్ తెస్తుందని తేల్చినందుకే 2008లో హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు నోబెల్ ఇచ్చారు! శారదా, బ్యాంకు కాగితాలు బీరువాలో…

శారద: ఆ రకాలు వేరు, ఇవి వేరు. నూటికి పైగా ఉన్నాయి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మీరూ మీ తమ్ముడూ ఒకటేనా?

సూర్యం: (తేరుకుని) అయితే జిల్లేడు పాలు పూస్తాను. మా తాతగారు పూసుకునేవారు.

శారద: పోయిందా?

సూర్యం: చర్మం పోయింది. పులిపిరి ఉండిపోయింది.

శారద: మందుల దుకాణంలో సాలిసిలిక్ ఆమ్లం అమ్ముతారు. పాదం గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పైచర్మం గరుకు రాయితో రుద్ది, చుట్టూ వాజిలిన్ రాసి, సరిగ్గా దాని మీదే చుక్క వేయాలి. రోజూ. మూడు నెలలైనా పట్టవచ్చు.

సూర్యం: తెప్పించు మరి.

శారద: మీకు పనికిరాదు. షుగరున్నవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గి కాలినా తెలియదు, పుండు పడితే ఒక పట్టాన మానదు. బ్లేడూ వద్దు, ఆమ్లమూ వద్దు.

సూర్యం: స్పర్శ తగ్గడమేమిటి? ఇప్పుడే కెవ్వుమన్నానుగా!

శారద: మీరు సూదిని చూసినా కెవ్వుమంటారు. అది సాక్ష్యం కాదు. డాక్టరే చూడాలి. అవసరమైతే ద్రవ నత్రజనితో గడ్డకట్టిస్తారు. మైనస్ 196 డిగ్రీలు.

సూర్యం: (పాదం వెనక్కి లాక్కుని) వాటంతట అవే పోతాయని కూడా విన్నానే!

శారద: చాలావరకు ఒకటి రెండేళ్లలో పోతాయి. పిల్లలకైతే ఇంకా త్వరగా.

సూర్యం: నన్ను చిన్నపిల్లాడనేది నువ్వే కదా!

శారద: చాల్లెండి. ఈలోగా మీ తువ్వాలు వేరు, మీ రాయి వేరు. ఒకరిది ఒకరు వాడకూడదు.

సూర్యం: నాకు వేరే రాయి ఎందుకు? స్నానాలగదిలో గులాబీ రంగుది ఉందిగా, దానితోనే రుద్దుతున్నాను.

శారద: అది నాదండీ!

(ఇద్దరూ ఒక్క క్షణం మాట్లాడలేదు. శారద మెల్లగా కూర్చుని తన మడమ తిప్పి చూసుకుంది.)

సూర్యం: (ఉత్సాహంగా) ఇలా పెట్టు పాదం. రెండు పక్కలా పట్టుకుని పిండి చూస్తాను.

శారద: ముట్టుకున్నారంటే ఊరుకోను! ముందు వెళ్లి చేతులు కడుక్కోండి. సబ్బుతో!