మ్యాజిక్‌లో ఫేజ్‌లు పేరుకేనా? ఆ సలహాలో తప్పులు ఎక్కడెక్కడంటే

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట నేర్చుకునేవాళ్లకు విరివిగా అందుతున్న సలహా ఒకటుంది: "ఫేజ్‌లు పేరుకే. అన్‌టాప్ చెయ్యి, కార్డు తియ్యి, ఆపైన నీ టర్న్ నీ ఇష్టం. కొత్త క్రీచర్ ఒక టర్న్ పాటు దేనికీ పనికిరాదు. దాడికొచ్చినదాన్ని ట్యాప్ చేస్తే దెబ్బ తప్పుతుంది. బ్లాకర్‌ని చంపేస్తే దెబ్బ ఆటగాడికే. టర్న్ చివర అన్నీ ఒకేసారి ముగుస్తాయి." (ఫేజ్‌లంటే టర్న్‌లోని దశలు, వాటిలోని చిన్న మెట్లే స్టెప్‌లు. ట్యాప్ అంటే వాడిన కార్డుని అడ్డంగా తిప్పడం, అన్‌టాప్ అంటే మళ్లీ నిలువుగా పెట్టడం. క్రీచర్ అంటే పోరాడే కార్డు, బ్లాకర్ అంటే దాడికి అడ్డుపడే క్రీచర్.) చివరి మాటలో సగం నిజముంది. మిగతావన్నీ ఆట ఓడించే మాటలే.

"అన్‌టాప్, కార్డు తియ్యి." ఈ రెండింటి మధ్య అప్‌కీప్ అనే స్టెప్ ఉంది. "అప్‌కీప్ మొదట్లో ఇంత మానా కట్టు, లేదా దీన్ని శాక్రిఫైస్ చెయ్యి" అనే కార్డు మీ ముందుంటే (మానా అంటే కార్డులకి ఖర్చుపెట్టే శక్తి, ఎక్కువగా ల్యాండ్ కార్డుల నుంచి వస్తుంది; శాక్రిఫైస్ అంటే ఆ కార్డుని వదులుకోవడం), కట్టాలో వద్దో కొత్త కార్డు చూడకముందే తేల్చుకోవాలి. ముందు డ్రా చేసి తర్వాత ఆలోచించడం అంటే ముక్క చూసుకుని పందెం కాయడమే. అన్‌టాప్ స్టెప్‌లోనైతే ఎవరికీ ప్రయారిటీ, అంటే కార్డు వేసే అవకాశం, రాదు. "నువ్వు అన్‌టాప్ చేసేలోపే నీ ఎల్ఫ్ మీద బోల్ట్" (3 డ్యామేజ్ చేసే లైట్నింగ్ బోల్ట్ కార్డు) అంటే చెల్లదు. అవతలివాళ్ల ల్యాండ్‌లు ట్యాపై ఉండగానే వెయ్యాలనుకుంటే, అంతకుముందు మీ టర్న్ ఎండ్ స్టెప్‌లోనే వేసెయ్యాలి.

"నీ టర్న్ నీ ఇష్టం." ల్యాండ్ మామూలుగా టర్న్‌కి ఒకటే. అదీ మెయిన్ ఫేజ్‌లో, స్టాక్ (వేసిన కార్డులు అమలు కోసం ఎదురుచూసే వరుస) ఖాళీగా ఉన్నప్పుడే. మెయిన్ ఫేజ్‌లు రెండున్నాయి కాబట్టి కంబాట్‌కి (దాడి జరిగే ఫేజ్‌కి) ముందైనా తర్వాతైనా వేసుకోవచ్చు. మానా మాత్రం ప్రతి స్టెప్, ప్రతి ఫేజ్ చివర ఖాళీ అవుతుంది. మొదటి మెయిన్‌లో తీసిన మానా రెండో మెయిన్ దాకా నిలవదు. మిగిలిన మానాకి లైఫ్ పోయే మానా బర్న్‌ని 2009లో తీసేశారు. దాన్ని పట్టుకుని మానా కూడా నిలిచి ఉంటుందనుకునేవాళ్లు ఇప్పటికీ కనబడతారు.

"కొత్త క్రీచర్ దేనికీ పనికిరాదు." సమ్మనింగ్ సిక్‌నెస్, అంటే కొత్త క్రీచర్‌కున్న ఆంక్ష, ఆపేది రెండే: దాడి చెయ్యడం, ఖర్చులో ట్యాప్ గుర్తు ఉన్న సొంత ఎబిలిటీ వాడడం (అన్‌టాప్ గుర్తున్నా అంతే). ఇప్పుడే దింపిన లానోవర్ ఎల్వ్స్ (ట్యాప్ చేస్తే మానా ఇచ్చే క్రీచర్) ఈ టర్న్ మానా ఇవ్వదు, కానీ అవతలివాళ్ల టర్న్‌లో నిక్షేపంగా బ్లాక్ చేస్తుంది. మానా మాత్రమే అడిగే ఎబిలిటీని వెంటనే వాడొచ్చు. కాన్వోక్ (మానాకి బదులు క్రీచర్లని ట్యాప్ చేసి కార్డు వెయ్యడం) కోసం దాన్ని ట్యాప్ చెయ్యొచ్చు కూడా, ఎందుకంటే అక్కడ ట్యాప్ గుర్తు లేదు. అసలు లెక్క ఇది: మీ టర్న్ మొదలైనప్పటి నుంచీ అది ఎడతెగకుండా మీ కంట్రోల్‌లోనే ఉండాలి. అవతలివాళ్ల నుంచి లాక్కున్న క్రీచర్‌కీ అదే లెక్క, హేస్ట్ (ఆ ఆంక్ష లేకుండా చేసే గుణం) ఉంటే తప్ప.

"దాడికొచ్చినదాన్ని ట్యాప్ చేస్తే దెబ్బ తప్పుతుంది." విజిలెన్స్ (దాడి చేసినా ట్యాప్ కాని గుణం) లేని క్రీచర్ దాడికి దిగడమే ట్యాపై దిగుతుంది కదా! ట్యాపైతే దెబ్బ ఆగేటట్టయితే ఇక ఎవరూ ఎవర్నీ కొట్టలేరు. దాడి ప్రకటించాక ట్యాప్ చేసినా ఒరిగేదేమీ లేదు. అది చెయ్యాల్సింది బిగినింగ్ ఆఫ్ కంబాట్ స్టెప్‌లో. అంతకుముందు, మెయిన్ ఫేజ్‌లోనే తొందరపడి వేస్తే, అది రిజాల్వ్ అయ్యాక (అమలయ్యాక) ప్రయారిటీ మళ్లీ టర్న్ నడుపుతున్నవాళ్లకే వెళ్తుంది. వాళ్లింకా మెయిన్‌లోనే ఉన్నారు, హేస్ట్ ఉన్న క్రీచర్‌ని తాపీగా దింపి కొడతారు. కంబాట్ మొదలయ్యాక వేస్తే, ఫ్లాష్ (మెయిన్ ఫేజ్ కానప్పుడూ దింపనిచ్చే గుణం) ఉంటే తప్ప ఆ దారి మూసుకుపోతుంది. అందుకే టోర్నమెంట్లలో "కంబాట్?" అని అడిగినవాళ్లు మెయిన్ ఫేజ్ వదిలేసినట్టే లెక్క. ట్యాపైన బ్లాకర్ కూడా దెబ్బ కొడుతుంది. కొట్టకూడదన్నది 1999కి ముందు రూల్.

"బ్లాకర్‌ని చంపితే దెబ్బ ఆటగాడికే." ఎక్కువ లైఫ్ లెక్క తప్పేది ఇక్కడే. మీ 4/4 (కొట్టే బలం 4, తట్టుకునే బలం 4 ఉన్న క్రీచర్) దాడికెళ్లింది, అవతలి 2/2 బ్లాక్ చేసింది, మీరు దాని మీద లైట్నింగ్ బోల్ట్ వేశారు. 2/2 పోయింది. ఆటగాడికి తగిలేది 4 కాదు, సున్నా. ఒకసారి బ్లాక్ అయితే బ్లాకర్ లేకపోయినా అది బ్లాక్ అయినట్టే. ట్రాంపుల్ (బ్లాకర్‌కి మించిన దెబ్బని ఆటగాడికి దాటించే గుణం) ఉంటేనే మొత్తం 4 దాటుతుంది. అదే బోల్ట్‌ని బ్లాక్ ప్రకటించకముందే, డిక్లేర్ అటాకర్స్ స్టెప్‌లో వేసి ఉంటే, ఇంకో బ్లాకర్ లేనప్పుడు 4 నేరుగా తగిలేది. అటాకర్‌ని డ్యామేజ్ స్టెప్‌కి ముందే చంపితే మాత్రం దాని దెబ్బ నిజంగానే ఆగిపోతుంది. ఇద్దరు బ్లాక్ చేసినప్పుడు దెబ్బ పంచడానికి ముందే వరుస చెప్పాలనే పాత పద్ధతి 2024 నవంబర్‌లో ఫౌండేషన్స్ అనే కార్డుల సెట్‌తో పోయింది. ఇప్పుడు డ్యామేజ్ వేళకి మీకు నచ్చినట్టు పంచుకోవచ్చు.

"టర్న్ చివర అన్నీ ఒకేసారి." చివర రెండు స్టెప్‌లున్నాయి. ఎండ్ స్టెప్ మొదట్లో జరగాల్సిన ట్రిగ్గర్లు (వాటంతటవే మొదలయ్యే ఎబిలిటీలు) ముందు వస్తాయి. ఎండ్ స్టెప్ మొదలయ్యాక ఫ్లాష్‌తో దిగిన క్రీచర్‌కి అలాంటి ట్రిగ్గర్ ఉంటే, ఈసారికి అది తప్పిపోయినట్టే. ఆ తర్వాత క్లీనప్: టర్న్ నడిపినవాళ్లు చేతిలో ఏడుకి మించినవి పారేస్తారు, ఆపైన డ్యామేజ్, "టర్న్ ముగిసేదాకా" అన్న ఎఫెక్టులు రెండూ ఒకే క్షణంలో పోతాయి. నిజమున్న సగం ఇదే. జయంట్ గ్రోత్ కార్డుతో 5/5 అయిన 2/2కి 4 డ్యామేజ్ తగిలిందనుకోండి. క్లీనప్‌లో అది మళ్లీ 2/2 అవుతుంది, కానీ చావదు, 4 డ్యామేజ్ కూడా అప్పుడే చెరిగిపోతుంది కాబట్టి.