ఒరేయ్ థియేటర్ ప్రింటూ, నీకే రాస్తున్నా

ఎలా ఉన్నావ్? నిన్న రాత్రి నీ పుణ్యాన కొత్త సినిమా చూశా, అంటే సగం సినిమా చూశా, మిగతా సగం ముందు సీటాయన బట్టతల చూశా. హీరో తల్లి చచ్చిపోతుంటే హాల్లో ఎవడో ఈలేశాడు, నేను ఏడవాలో ఈలెయ్యాలో అర్థం కాలేదు. మూలన ఆ బెట్టింగ్ యాప్ పేరు మాత్రం ఎంత క్లియర్‌గా ఉందో, మొత్తం సినిమాలో అదొక్కటే హెచ్‌డీ.

తిట్టడానికి కాదులే. నిన్నెందుకు వదలనని మా ఆవిడ అడిగింది. నలుగురం మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లు, వాటి మీద బుకింగ్ ఫీజు, పాప్‌కార్న్, పెద్ద హీరో సినిమా అయితే మొదటి వారం రేట్లు పెంచుకోమని గవర్నమెంటే జీవో ఇస్తుంది, ఎక్కడ తేవాలే అన్నా. నిజమే కదా? కానీ 2021 ఏప్రిల్‌లో ఏపీలో జీవో 35 వచ్చి పంచాయతీల్లో నాన్ ఏసీ హాలు కింది క్లాస్ టికెట్ 5 రూపాయలన్నప్పుడు కూడా నేను నీతోనే ఉన్నా. అప్పుడు కరోనా అన్నా. హాళ్లు తెరిచాక కుర్చీల్లో నల్లులున్నాయన్నా. (నల్లులు మాత్రం నిజంగానే ఉన్నాయి.)

పోనీ ఓటీటీ అంటావా, మూడు యాప్‌లకి కడుతున్నా, నాక్కావాల్సిన సినిమా ఎప్పుడూ నాలుగోదాంట్లోనే ఉంటుంది. కట్టినదాంట్లోనూ యాడ్స్, టీవీ మార్చితే ఓటీపీ, ఆ ఓటీపీ మా బావమరిది ఫోన్‌కి పోతుంది, వాడు ఎత్తడు. నువ్వు ఏనాడైనా ఓటీపీ అడిగావా బంగారం? అందుకే డబ్బులు కట్టిన సినిమానే మళ్లీ టెలిగ్రామ్‌లో వెతుక్కుని చూశా ఒకసారి, ఇది ఎవరికీ చెప్పకు.

2025 నవంబర్‌లో ఐబొమ్మ అనే పైరసీ సైట్ నడిపాడని హైదరాబాద్‌లో ఒకతన్ని పట్టుకుంటే మా ఆఫీస్ గ్రూపులో సంతాప సభే జరిగింది. నిర్మాత అప్పు గురించి ఒక్కడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, కొత్త లింక్ ఎవరి దగ్గరుందని అడిగా.

అసలు విషయానికొస్తా. నిన్న నీలో క్లైమాక్స్ పది నిమిషాలు లేదు, కెమెరా ఊగి, ఎవరో అరిచి, నల్లగా అయిపోయింది. షూట్ చేసేవాణ్ని పట్టేసినట్టున్నారు. 2023లో మార్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, కనీసం 3 లక్షల ఫైన్ అట, పాపం. ఇంతకీ విలన్ చచ్చాడా లేదా? ఆ పది నిమిషాలు ఎక్కడైనా దొరికితే పంపు, ఆడియో లేకపోయినా పర్లేదు.