వెంకమ్మ ఆశను చూసి నవ్వకండి

కన్యాశుల్కం అనగానే మనకు గిరీశమే గుర్తొస్తాడు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ఆ నాటకాన్ని బాల్యవివాహాల మీద, వేశ్యా సమస్య మీద రాసిన సంస్కరణ నాటకంగానే చదువుకుంటూ వచ్చాం. గురజాడ ఉద్దేశం కూడా అదేననీ, ఎక్కడో అగ్రహారం కథతో మన నల్లగొండకు పనేముందనీ అనేవాళ్లున్నారు. ఉద్దేశం మాట నిజమే. అయినా అందులో ఈ రోజుకీ మనల్ని తగిలే రాజకీయమంతా చదువు చుట్టూనే ఉంది.

అగ్నిహోత్రావధాన్లకు కోర్టు కాగితాలు చూసిపెట్టే ఇంగ్లీషు మనిషి కావాలి. ఆయన భార్య వెంకమ్మకు కొడుకు పెద్ద చదువు చదవాలి. అందుకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి అమ్మడానికైనా సిద్ధం. అదే ఇంట్లో చిన్నపిల్ల సుబ్బికి చదువు ఊసే లేదు, పెళ్లికొడుకు కట్టాల్సిన 1,800 రూపాయల వెల మాత్రం ఉంది. ఇక పరీక్ష తప్పిన కొడుకు వెంకటేశం, వాడి వెంట గురువునంటూ దిగిన గిరీశం. ఇద్దరూ ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ఉందంటుంది ఆ తల్లి. ఒకరు చిన్నపిల్లల పద్యం అందుకుంటే, ఇంకొకరు పాఠంలో ముక్క అప్పజెప్తారు. ఆమె మురిసిపోతుంది. ప్రేక్షకులు నవ్వుతారు.

ఆ నవ్వే నాకు నచ్చదు. వెంకమ్మ తెలివితక్కువది కాదు. తన భూమిని పణం పెట్టిన చదువు అసలుదో నకిలీదో తేల్చుకునే దారి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఇది ఒక తల్లి అమాయకత్వం కాదు, అధికారానికి సంబంధించిన విషయం. ఏలేవాళ్ల భాష ఒకటి, ఇంట్లో భాష ఒకటి అయినచోట గిరీశాలు పుడుతూనే ఉంటారు. నిజాం కాలంలో మన తాతలకు ఉర్దూ అట్లాగే అడ్డం నిలబడింది. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో అక్షరాస్యత 55 శాతమే. దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కించే తల్లి ఫీజు కడుతుంది, డైరీలో సంతకం పెడుతుంది. బిడ్డకు ఏం వచ్చిందో మాత్రం ఎవర్నడగాలి?

సర్కారు తలుచుకుంటే ఏం చేయగలదో ఈ నేలే చూపించింది. 1971లో ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టారు. పేద పిల్లలను చేర్చుకుని చదువు బాధ్యతంతా బడే మోసింది. తల్లిదండ్రులు భూమి అమ్మాల్సిన పని రాలేదు. ఊరి బడి ఎందుకు అట్లా ఉండకూడదు?

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం తెచ్చారు. 2024లో తల్లులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మంచిదే. కానీ మంచినీళ్లు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు చూసుకోమని తల్లులకు అప్పజెప్పి, చదువు మాట వచ్చేసరికి పక్కన కూర్చోబెడితే ఎట్లా? ప్రతి నెలా కమిటీ ముందు పిల్లలతో చదివించాలి, లెక్కలు చేయించాలి. ఏం నేర్పారో, ఏం మిగిలిందో పంతులు తెలుగులో చెప్పాలి. తల్లులు అడిగిన ప్రశ్నలు రిజిస్టరులో రాసి మండల విద్యాధికారికి పంపాలి. ప్రైవేటు బడులకూ ఇదే నియమం పెట్టాలి.