ఉబర్ ప్రమాదంలో దెబ్బలు తగిలితే ఇచ్చింది తీసుకుని సంతకం పెట్టేయాలా?

అమెరికాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఉబర్‌లోనో, లిఫ్ట్ (Lyft) ట్యాక్సీలోనో వెళ్తుండగా యాక్సిడెంట్ అయితే కంపెనీ పైసా ఇవ్వదు. డ్రైవర్ వాళ్ల ఉద్యోగి కాదు కదా! తప్పు అవతలి కారుదైతే అసలే రాదు. యాప్‌లో ఐ అగ్రీ నొక్కారు కాబట్టి కేసు వేసే హక్కూ లేదు. వీసా మీద ఉన్నవాళ్లు జోలికే పోవద్దు. ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ చేసి ఎంత ఇస్తామంటే అంత తీసుకుని సంతకం పెట్టేయండి."

నేను లాయర్‌ని కాను. కానీ ఆ చివరి మాట నమ్మి సంతకం పెట్టినవాళ్లు తర్వాత వెనక్కి రాలేరు. అందుకే రాస్తున్నాను.

"డ్రైవర్ ఉద్యోగి కాదు, కాబట్టి పైసా రాదు." మొదటి సగం చాలాచోట్ల నిజమే. కాలిఫోర్నియాలో 2020 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 22 అనే చట్టం ఆ మాటే అంటుంది. 2024 జులైలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. అయితే ఆ గొడవంతా డ్రైవర్ల జీతం, సెలవుల గురించి. ప్రయాణికుడి దెబ్బల సంగతి తేల్చేది వేరే చట్టాలు. అవి చూసేది ఒక్కటే: ప్రమాద సమయానికి యాప్ ఏ దశలో ఉంది? డ్రైవర్ యాప్ ఆన్ చేసి బేరం కోసం ఎదురుచూస్తుంటే చాలా రాష్ట్రాల్లో కవరేజి తక్కువ: ఒక మనిషి గాయాలకు 50,000 డాలర్లు, మొత్తం ప్రమాదానికి లక్ష. రైడ్ ఒప్పుకున్న క్షణం నుంచి మిమ్మల్ని దించేదాకా మాత్రం చాలా రాష్ట్రాల్లో కనీసం 10 లక్షల డాలర్ల లయబిలిటీ కవరేజి (డ్రైవర్ తప్పు వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి ఇచ్చే బీమా) ఉంటుంది. మీరు కారులో కూర్చున్నారంటే ఈ దశలో ఉన్నట్టే. డ్రైవర్ సొంత పాలసీ "కిరాయికి తిప్పితే చెల్లదు" అన్నా, ఈ కవరేజి ఉన్నది అందుకే.

ఫార్వర్డ్ చెప్పని అసలు ప్రమాదం ఇంకొకటుంది. "యాప్‌లో క్యాన్సిల్ చేసేయండి, క్యాష్ ఇవ్వండి, తగ్గిస్తా" అనే డ్రైవర్లు ఎయిర్‌పోర్టుల దగ్గర తగులుతుంటారు. ఒప్పుకున్నారో, ఆ 10 లక్షల కవరేజి పోయినట్టే. డ్రైవర్ సొంత పాలసీ కూడా తప్పుకోవచ్చు. పది డాలర్లు మిగులుతాయని ఆ పని చెయ్యకండి.

అలాగని "పది లక్షలు నా చేతికొస్తాయి" అనుకున్నా పొరపాటే. అది పరిమితి మాత్రమే, అదీ మొత్తం ప్రమాదానికి. కారులో నలుగురుంటే నలుగురూ పంచుకోవాలి. ఎవరి తప్పో, ఎంత ఖర్చయిందో కాగితాలతో చూపించాలి.

"తప్పు అవతలి కారుదైతే రాదు." తప్పు అవతలివాళ్లదైతే ముందు వాళ్ల ఇన్సూరెన్స్ ఇవ్వాలి. వెనక సీట్లో కూర్చున్న మనిషి మీద తప్పు పడటం అరుదు కాబట్టి, ఈ డ్రైవరో ఆ డ్రైవరో ఎవరో ఒకరి పాలసీ పలుకుతుంది. చిక్కంతా గుద్ది పారిపోయినప్పుడు, లేదా అవతలి కారుకి ఇన్సూరెన్సే లేనప్పుడు. దానికి అన్‌ఇన్ష్యూర్డ్ మోటరిస్ట్ కవరేజి అని వేరే ఉంటుంది. ఇది రాష్ట్రాన్ని బట్టి బాగా మారుతుంది. కాలిఫోర్నియాలో ఇది 10 లక్షల డాలర్లు ఉండేది. 2026 జనవరి 1 నుంచి ఒక మనిషికి 60,000, ప్రమాదానికి 3 లక్షలకు తగ్గించేశారు. మీ సొంత కారు పాలసీలో ఈ కవరేజి ఉంటే అదీ అక్కరకు రావచ్చు, తీసి చూసుకోండి. ఫ్లోరిడా లాంటి నో-ఫాల్ట్ రాష్ట్రాల్లో తప్పెవరిదన్నది తేలకముందే మీ సొంత పాలసీ కొంత వైద్య ఖర్చు ఇస్తుంది. అయితే అక్కడ 14 రోజుల్లోగా మొదటి చికిత్స మొదలవ్వాలి. "చూద్దాంలే, నొప్పి తగ్గుతుంది" అని ఇంట్లో కూర్చుంటే అది పోతుంది.

"ఐ అగ్రీ నొక్కారు, హక్కు పోయింది." ఫార్వర్డ్‌లో కాస్త బరువున్న మాట ఇదొక్కటే. న్యూజెర్సీలో ఉబర్ ప్రమాదంలో గాయపడిన దంపతులు కోర్టుకెళ్తే, 2024లో అప్పీలు కోర్టు వాళ్లను ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికి, పొమ్మంది. ఆ ఐ అగ్రీ నొక్కింది వాళ్ల కూతురు, ఉబర్ ఈట్స్‌లో భోజనం ఆర్డర్ చేస్తూ! మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు 2021లో, షరతులు సరిగ్గా కనబడలేదని ఇలాంటి ఒప్పందాన్ని కొట్టేసింది. ఉబర్ స్క్రీన్ మార్చాక, 2024లో మరో కేసులో అదే కోర్టు చెల్లుతుందంది. అంటే కంపెనీ మీద జ్యూరీ ముందుకు వెళ్లే దారి మూసుకుపోవచ్చు. కానీ ఆర్బిట్రేషన్ అంటే క్లెయిమ్ చచ్చిపోవడం కాదు. మధ్యవర్తి ముందు వాదించి పరిహారం పొందవచ్చు. పైగా మిమ్మల్ని గుద్దిన అవతలి కారువాడు ఆ ఒప్పందంలో లేడు. అతని మీద కోర్టుకెళ్లడానికి మీ ఐ అగ్రీ అడ్డు రాదు.

వీసా మాట ఉత్త భయమే. గాయానికి పరిహారం అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు. మిమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకు దెబ్బ తగిలినా అంతే. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీ రూమ్ వాళ్లు డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడగా అయ్యేదాకా చూడాలి. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది, అది వేరే టెన్షన్.

ఇక ఆ సంతకం. ఇన్సూరెన్స్ వాళ్లు చెక్కుతో పాటు పంపేది రిలీజ్ అనే కాగితం. "ఈ ప్రమాదం గురించి ఇంకేమీ అడగను" అని దాని అర్థం. మెడ నొప్పి, తలకు తగిలిన లోపలి దెబ్బ లాంటివి కొన్ని రోజులకు గానీ బయటపడకపోవచ్చు. మూడు వారాలకు ఎంఆర్ఐలో డిస్క్ సమస్య కనబడితే అప్పుడు అడగడానికి ఏమీ మిగలదు. తొందర వాళ్లది, మీది కాదు. గాయాల దావాకి కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 2 ఏళ్ల గడువుంది, న్యూయార్క్‌లో సాధారణంగా 3 ఏళ్లు. టెనెసీలో మాత్రం ఒక్క ఏడాదే. ఫ్లోరిడాలో 4 ఏళ్లుండేది 2023లో 2కి తగ్గింది. పాత సలహాలు నమ్మితే ఇక్కడే దెబ్బ తింటారు.

లాయర్లు సాధారణంగా ముందు ఫీజు అడగరు, వచ్చినదాంట్లో మూడో వంతు దాకా తీసుకుంటారు. చిన్న గాయానికి అది గిట్టుబాటు కాకపోవచ్చు, నేనైతే స్వయంగానే మాట్లాడుకుంటాను. ఎముక విరిగినా, ఆసుపత్రిలో చేరినా మాత్రం లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టను. మీ హెల్త్ ఇన్సూరెన్స్ కట్టిన బిల్లుల్ని ఆ పరిహారంలోంచి తిరిగి అడగొచ్చు, ఆ లెక్కా ముందే వేసుకోవాలి.

ప్రమాదం జరిగిన రోజే ట్రిప్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, పోలీసు రిపోర్టు నంబరు రాసుకోండి, యాప్‌లోనూ రిపోర్ట్ చెయ్యండి. మెయిల్‌కి వచ్చిన రసీదు డిలీట్ చెయ్యకండి. ఆ నిమిషానికి మీరు ఆ కారులో ఉన్నారనీ, రైడ్ నడుస్తోందనీ చూపించడానికి పనికొచ్చేది అదే.