గంపగుత్త ఓటు చెదిరిన చోట

తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగు జరిగిన 2023 నవంబరు 30న, విదేశంలో ఉంటున్న నేను పాలకుర్తి మండలంలోని మా అక్కగారింటికి వీడియో కాల్ చేసినప్పుడు, తొలిసారి ఓటు వేసి వచ్చిన మా మేనల్లుడు సిరా గుర్తున్న ఎడమ చూపుడువేలిని ఫోనుకు దగ్గరగా పెట్టి చూపించాడు. వెనుక మంచం మీదున్న వాళ్ల తాత "ఎవలకేసినవ్‌రా?" అని అడిగితే, "నాకు నచ్చినోళ్లకేసిన తాతా, నువ్వు నీకు నచ్చినోళ్లకెయ్యి" అన్నాడు. పెద్దాయన రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడే తప్ప మారు మాట్లాడలేదు.

ఒకప్పుడు ఆ ఇంటి ఓట్లన్నీ ఆయన మాట మీద ఒకే గుర్తుకు పడేవి. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గినా, చాలాకాలం కొత్త ఓటరు ఇంటి ఓట్ల సంఖ్యను పెంచాడే గాని ఇంటి నిర్ణయాన్ని మార్చలేదు. ఇప్పుడు మారుస్తున్నాడు. హనుమకొండలో గది అద్దెకు తీసుకొని గ్రూప్-1 ప్రభుత్వోద్యోగ పరీక్షకు చదివి, ఆ ప్రిలిమ్స్ ఒకసారి ప్రశ్నపత్రాల లీకేజీతో, మరోసారి హైకోర్టు తీర్పుతో రద్దు కావడం చూసిన పిల్లవాడికి, తాతకు వచ్చే పింఛను కంటే నోటిఫికేషన్ తేదీయే పెద్ద విషయం.

ఆ ఎన్నికలో పాలకుర్తిలో అప్పటి మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావును 26 ఏళ్ల మామిడాల యశస్విని రెడ్డి ఓడించారు. మనవాళ్లు దీనిని యువతరం విజయమన్నారు; నేను సగమే ఒప్పుకుంటాను. పోటీ చేయాలనుకున్నది అమెరికాలో స్థిరపడిన ఆమె అత్తగారు ఝాన్సీ రెడ్డి. భారత పౌరసత్వం అందక కోడలు నిలబడ్డారు. అభ్యర్థి వయసు తగ్గింది గాని టికెట్ వచ్చిన దారి పాతదే. సర్పంచి పదవికి 21 ఏళ్లు, శాసనసభకు 25 ఏళ్లు చాలునని చట్టం చెబుతుంది. నిలబడడానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో చట్టం చెప్పదు.

ఇక విదేశాల్లో ఉన్న మన సంగతి. ఇక్కడి పౌరసత్వం తీసుకున్న నాబోటి వారికి అక్కడ ఓటు లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఫారం 6ఎతో పేరు నమోదు చేసుకోవచ్చు గాని, ఓటు వేయాలంటే ఊరికి వెళ్లి వరుసలో నిలబడవలసిందే. అయినా ఎన్నికలు రాగానే మన వాట్సాప్ గ్రూపుల నుంచి ఊళ్లకు సలహాలు వరదలా పారతాయి. తాత ఖాళీ చేసిన మంచం మీద మనం కూర్చోబోతున్నామేమోనని నా అనుమానం. పోలింగుకు ముందు రోజు నేనూ మేనల్లుడికి ఒక పొడుగాటి సందేశం పంపాను. దాని సంగతి అడిగితే "చదివిన మామా" అన్నాడు. ఎవరికి వేశాడో ఇప్పటికీ చెప్పలేదు.