లేఖ రాసిన ఆటగాడే కోచ్ అయితే

1988 అక్టోబరులో మాస్కో వారపత్రిక ‘ఒగొన్యోక్’లో ఒక బహిరంగ లేఖ అచ్చయింది. రాసింది సోవియట్ ఐస్ హాకీ జట్టు సెంటర్ ఫార్వర్డ్ ఇగోర్ లారియోనోవ్. నిలదీసింది తన సొంత కోచ్ విక్టర్ టిఖోనోవ్‌ను. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కాల్గరీ ఒలింపిక్స్‌లో ఆ కోచ్ శిక్షణలోనే లారియోనోవ్ రెండో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. పైగా వాళ్ల క్లబ్బు సీఎస్‌కేఏ అంటే సైన్యపు కేంద్ర క్రీడా క్లబ్బు. అందులో ఆడేవాళ్లు కాగితాల మీద సైనికాధికారులు. అంటే ఒక సైనికాధికారి తన పైఅధికారిని దేశమంతా చదివే పత్రికలో తప్పుపట్టాడు. లారియోనోవ్ తాత స్టాలిన్ కాలపు శిబిరాల్లో ఏళ్ల తరబడి మగ్గిన మనిషి. నోరు తెరిస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా రాశాడు.

లేఖలోని ఫిర్యాదు ఆటగాళ్ల బతుకు గురించి. ఏడాదిలో దాదాపు పది నెలలు మాస్కో శివారులోని అర్ఖాంగెల్‌స్కొయె శిబిరంలోనే ఉండాలి. పెళ్లయినా, పిల్లలున్నా, ఇల్లు అదే నగరంలో ఉన్నా సరే, ఇంటికి వెళ్లాలంటే కోచ్ అనుమతి కావాలి. ఉదయం సాధన, సాయంత్రం సాధన, రాత్రి అదే మంచం. కోచ్‌తో వాదించినవాడికి విదేశీ పర్యటనలో చోటు దొరకకపోవచ్చు. ఆ శిక్ష ఎలా ఉంటుందో లారియోనోవ్ స్వయంగా చవిచూశాడు.

ఆ లేఖ రాసినవాడు ఇప్పుడు కోచ్. 2022 నుంచి రష్యా కేంద్రంగా నడిచే కాంటినెంటల్ హాకీ లీగ్‌లో జట్లను నడిపిస్తున్నాడు. అతడి శిక్షణను చాలామంది పాయింట్ల పట్టికతో కొలుస్తున్నారు. నేను ఆ లేఖతో కొలవాలంటాను. శిబిరం లేకుండా ఆ ఆట సాధ్యమేనా అన్న ప్రశ్నను 1988లో వేసింది అతడే. జవాబు చెప్పాల్సిన కుర్చీలోకి ఇన్నాళ్లకు తానే వచ్చి కూర్చున్నాడు.

ముందు ఆ ఆట గురించి చెప్పాలి. లేకపోతే ఈ గొడవంతా దేనికోసమో అర్థం కాదు. ఉత్తర అమెరికా జట్లు అప్పట్లో ఎక్కువగా పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను, ప్రత్యర్థి మూలకు విసిరి, దాని వెనక పరుగెత్తి, గోడకేసి తోసి లాక్కునేవి. సోవియట్ ఆటగాళ్లకు అది దగ్గరున్న సొత్తును చేజేతులా పారేసుకోవడం. దారి మూసుకుపోతే వెనక్కి తిరిగేవారు. డిఫెండర్‌కు ఇచ్చి, మళ్లీ కూడుకుని, ఇంకో దారిలో వచ్చేవారు. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న మంచు మైదానం అందుకు కావలసినంత చోటు ఇచ్చేది. ఎడమ వైపు వ్లాదిమిర్ క్రుతోవ్, కుడి వైపు సెర్గేయ్ మకరోవ్, నడుమ లారియోనోవ్. ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలతో ప్రపంచం ఆ వరుసను కేఎల్ఎం అని పిలిచింది. వెనక వ్యాచెస్లావ్ ఫెటిసోవ్, అలెక్సేయ్ కసతోనోవ్. క్రుతోవ్‌ది బలం, మకరోవ్‌ది వేగం. లారియోనోవ్‌ది మాత్రం చూపు. పక్కనున్న ఆటగాడు ఎక్కడున్నాడో చూసి ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఇతడు ఆ ఆటగాడు మరుక్షణం ఎక్కడ ఉండబోతున్నాడో అక్కడికి పంపేవాడు. చదరంగం ఇష్టపడే, కళ్లజోడు పెట్టుకునే ఈ సన్నపాటి మనిషిని అందరూ ‘ప్రొఫెసర్’ అన్నారు.

ఇంత ఒద్దిక ఎక్కడి నుంచి వచ్చింది? పది నెలల శిబిరం నుంచే అనేది చాలాకాలం చలామణీలో ఉన్న జవాబు. టిఖోనోవ్ అభిమానులు ఇప్పటికీ అదే అంటారు. వాళ్ల దగ్గర లెక్కలున్నాయి. 1977లో అతడు వచ్చినప్పటి నుంచి 1989 వరకు సీఎస్‌కేఏ వరుసగా 12 సార్లు దేశ విజేత. జాతీయ జట్టుకు 1984, 1988, 1992 ఒలింపిక్ స్వర్ణాలు. ఆ అయిదుగురిని ఒక్కచోట చేర్చింది కూడా టిఖోనోవే. జట్టులోని నాలుగు ఆటగాళ్ల వరుసలనూ ఆగకుండా మార్చి మార్చి దింపి ప్రత్యర్థి ఊపిరి తీసే పద్ధతిని రీగా జట్టులో ఉండగానే సానబెట్టుకున్నాడు. అతడి కోచింగ్ ప్రతిభను తక్కువ చేయడం అన్యాయం. లారియోనోవ్ లేఖ గెలవడానికి టిఖోనోవ్‌ను మూర్ఖుడిగా చూపాల్సిన అవసరం లేదు.

కానీ లారియోనోవ్ ఆట పుట్టింది ఆ శిబిరంలో కాదు. మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న వొస్క్రెసెన్స్క్ అతడి సొంతూరు. రసాయన కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు కాబట్టి అక్కడి హాకీ జట్టు పేరు కూడా ఖిమిక్, అంటే రసాయన కార్మికుడు. ఆ జట్టును ఏళ్ల తరబడి నడిపిన నికొలాయ్ ఎప్‌స్టైన్ కుర్రాళ్ల చొరవను చంపకుండా పెంచిన కోచ్. అంత చిన్న ఊరి నుంచి లారియోనోవే కాదు, వలేరి కామెన్‌స్కీ, వ్యాచెస్లావ్ కొజ్లోవ్ కూడా వచ్చారంటే అది గాలివాటం అనుకోలేం. 1981లో ఇరవై ఏళ్ల లారియోనోవ్ సీఎస్‌కేఏలో అడుగుపెట్టేనాటికే పాస్ ఇవ్వడం నేర్చుకుని వచ్చాడు. సైన్యం తీసుకున్నది తయారైన సరుకును.

లేఖ వచ్చిన కొన్ని నెలలకు పోరాటం ముదిరింది. విదేశాల్లో ఆడే హక్కు అడిగి జట్టుకు దూరమైన ఫెటిసోవ్ కోసం సహచరులు బాహాటంగా నిలబడ్డారు. 1989 వేసవిలో తలుపు తెరుచుకుంది. నాలుగేళ్ల కిందట కొత్త ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో తనను 214వ ఎంపికగా తీసుకున్న ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్‌లో లారియోనోవ్ చేరాడు. అయితే సోవియట్ ప్రభుత్వ సంస్థ సోవింటర్‌స్పోర్ట్ అతడి ఒప్పందంలో తన వాటా తాను తీసుకుంటూనే ఉంది. ఆ ఒప్పందం ముగిశాక వాంకూవర్‌లో కొనసాగితే మళ్లీ ఆ సంస్థకు డబ్బు చేరుతుంది. అందుకే 1992లో, గోల్స్, అసిస్టులు కలిపి 65 పాయింట్ల మంచి సీజన్ తర్వాత, ప్రపంచంలోకెల్లా పెద్ద లీగ్‌ను వదిలి స్విట్జర్లాండ్‌లోని లుగానోకు వెళ్లిపోయాడు. ముప్పై దాటిన ఆటగాడికి ఒక ఏడాది అంటే ఎంతో విలువైనది. దాన్ని ఒక సూత్రం కోసం ఖర్చు పెట్టాడు. లేఖ రాసిన రోజుకంటే ఈ నిర్ణయమే అతడి స్వభావాన్ని ఎక్కువగా పట్టిస్తుందని నాకనిపిస్తుంది.

తిరిగొచ్చి శాన్ హోసేలో మకరోవ్‌తో మళ్లీ కలిశాడు. అంతకు ముందు సీజన్‌లో లీగ్ పట్టికలో 24 పాయింట్లతో అడుగున పడి ఉన్న ఆ జట్టు 82 పాయింట్లకు ఎగబాకింది. 1994 ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో హేమాహేమీలున్న డెట్రాయిట్‌ను ఏడో మ్యాచ్‌లో ఇంటికి పంపింది. ఓడిన ఆ డెట్రాయిట్టే ఏడాదిన్నర తర్వాత అతడిని తెచ్చుకుంది.

అసలు రుజువు నాకు అక్కడే కనిపిస్తుంది. 1995 అక్టోబరు 24న లారియోనోవ్ డెట్రాయిట్‌కు మారాడు. బదులుగా వెళ్లిన రే షెపర్డ్ ఒక సీజన్‌లో 52 గోల్స్ కొట్టినవాడు. దాదాపు 35 ఏళ్ల మనిషి కోసం ఇదేం బేరమని అడిగినవాళ్లున్నారు. మూడు రోజుల తర్వాత, 27న, కాల్గరీలో కోచ్ స్కాటీ బౌమన్ అయిదుగురు రష్యన్లను ఒకేసారి మంచు మీదికి దింపాడు. ఫెటిసోవ్‌కు 37 ఏళ్లు, వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్‌కు 28, సెర్గేయ్ ఫెదొరోవ్‌కు 25, కొజ్లోవ్‌కు 23. మంచు మైదానం మాత్రం ఇరుకైన ఉత్తర అమెరికా కొలత. అదే పాత ఆట. వెనక్కి తిరగడం, కూడుకోవడం, ఖాళీలోకి పంపడం. డెట్రాయిట్ 3-0తో గెలిచింది. ఆ సీజన్‌లో 82 మ్యాచ్‌లకు 62 గెలిచి అప్పటికి లీగ్ రికార్డు నెలకొల్పింది. ఆ అయిదుగురూ ఆట అయ్యాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లినవాళ్లే.

అందరూ సీఎస్‌కేఏ నుంచి వచ్చినవాళ్లే కదా, పునాది శిబిరమే వేసింది కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బడి అదేనన్నది నిజం. అయితే బడికి వేసిన తాళం ఆ చదువులో భాగం కాదు. తాళం తీసేసినా చదువు పోలేదని డెట్రాయిట్ చూపించింది. మూడు రోజుల్లో కుదిరిన ఆ అల్లిక ఆటగాళ్ల తలల్లో ఉంది. దాన్ని బయటికి తీయడానికి వాళ్లను నమ్మే కోచ్ చాలు.

1997 జూన్ 7న డెట్రాయిట్ స్టాన్లీ కప్పు, అంటే ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే కప్పు, గెలిచిన రాత్రి కెప్టెన్ స్టీవ్ ఐజర్మన్ దాన్ని ఫెటిసోవ్ చేతికిచ్చాడు. ఫెటిసోవ్ ఒక్కడే తీసుకెళ్లలేదు. లారియోనోవ్‌ను పిలిచాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మైదానం చుట్టూ తిరిగారు. ఆరు రోజులకు జరిగిన కారు ప్రమాదం కాన్‌స్టాంటినోవ్ ఆటను అక్కడితో ఆపేసింది. ఆ ఆగస్టులో వాళ్లు కప్పును మాస్కో ఎర్ర కూడలికి తీసుకెళ్లారు. మరుసటి ఏడాది మళ్లీ గెలిచినప్పుడు కాన్‌స్టాంటినోవ్‌ను చక్రాల కుర్చీలో మంచు మీదికి తెచ్చి, కప్పు అతడి ఒళ్లో పెట్టారు. ఆ దృశ్యం చూసి కళ్లు చెమర్చని హాకీ అభిమాని ఉండడు.

ఇక 2002 ఫైనల్స్ మూడో మ్యాచ్. కరొలినా మీద మూడో ఓవర్‌టైమ్, అంటే మూడో అదనపు సమయం, నడుస్తోంది. అర్ధరాత్రి దాటింది, కాళ్లు మొరాయించే వేళ. 41 ఏళ్ల లారియోనోవ్ పక్‌తో గోల్ ముందుకు వచ్చాడు. అడ్డుకోబోయిన ఆటగాడు మంచు మీద జారి పడుకున్నాడు. లారియోనోవ్ తొందరపడలేదు. ఆ శరీరం జారిపోయేదాకా ఆగి, పక్‌ను పక్కకు లాగి, కర్ర వెనక వైపుతో పైకి లేపాడు. గోల్‌లో ఉన్నది శాన్ హోసేలో తన సహచరుడు అర్తుర్స్ ఇర్బే. స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో గోల్ కొట్టిన అతి పెద్ద వయస్కుడిగా లారియోనోవ్ నిలిచింది ఆ రాత్రే. ఆ గోల్‌లో నాకు నచ్చింది ఆగడం. అందరూ కంగారుపడే చోట ఒక లిప్త ఎక్కువ ఆగగలగడమే అతడి విద్య.

921 మ్యాచ్‌లు, 169 గోల్స్, 475 అసిస్టులతో 2004లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆట ముగించాడు. 2008లో టొరంటోలోని హాల్ ఆఫ్ ఫేమ్ చోటిచ్చింది. తర్వాత చాలా ఏళ్లు కోచింగ్ వైపు రాలేదు. ఆటగాళ్లకు ఏజెంటుగా ఉన్నాడు, వైన్ వ్యాపారం చేశాడు, ఒక వైన్‌కు ‘ట్రిపుల్ ఓవర్‌టైమ్’ అని పేరు కూడా పెట్టాడు.

ప్రధాన కోచ్‌గా అతడిని లోకం గమనించింది 2020 నవంబరులో. ఫిన్లాండ్‌లో జరిగిన కర్యాలా టోర్నీకి రష్యా ఎక్కువగా కుర్రాళ్లనే పంపింది. లారియోనోవ్ శిక్షణలో వాళ్లు పెద్దల జట్లను వరుసగా ఓడించి టోర్నీ గెలిచారు. చూసినవాళ్లకు పాత రోజులు గుర్తొచ్చాయి. రెండు నెలలు తిరగకముందే ఎడ్మంటన్ జూనియర్ ప్రపంచ పోటీల్లో సెమీస్‌లో కెనడా 5-0తో, కాంస్య పోరులో ఫిన్లాండ్ 4-1తో ఓడించాయి. పతకం రాలేదు.

ఈ రెండు నెలల్లోనే కోచ్ లారియోనోవ్ బలమూ బలహీనతా బయటపడ్డాయి. స్వేచ్ఛగా ఆడే జట్టుకు చోటు దొరికితే ఆపడం కష్టం. ప్రత్యర్థి గట్టిగా మీదపడి చోటు మూసేస్తే మాత్రం పాస్‌ల మీద పాస్‌లు ఇచ్చే కుర్రాళ్లకు కాలూ చెయ్యీ ఆడదు. కేఎల్ఎం వరుసకు అలాంటి ఇరుకుల్లోంచి బయటపడే అనుభవం ఉండేది. పద్ధెనిమిదేళ్ల పిల్లలకు దాన్ని ఒక శీతకాలంలో నేర్పలేరు.

2022లో నీజ్నీ నొవ్‌గొరొద్ జట్టు టోర్పెడో అతడిని పిలిచింది. గోర్కీ మోటారు కర్మాగారం పేరు మీద పెరిగిన జట్టు అది. 1961లో మాస్కో బయటి నుంచి వచ్చి సోవియట్ లీగ్‌లో రజతం గెలిచిన చరిత్ర ఉంది కానీ, దేశ విజేత ఎన్నడూ కాలేదు. డబ్బులో సీఎస్‌కేఏతో, సెయింట్ పీటర్స్‌బర్గ్ క్లబ్బు ఎస్‌కేఏతో తూగలేదు. అక్కడ మూడు సీజన్లు లారియోనోవ్ పక్‌ను పారేయని, దాడి చేసే, కుర్రాళ్లను నమ్మే హాకీ ఆడించాడు. సృజన, స్వేచ్ఛ అని మాటల్లో చెప్పే కోచ్‌లు ఎందరో ఉంటారు. తప్పు చేసిన కుర్రాడిని వెంటనే బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఉండటంలోనే దాని పరీక్ష. కాంటినెంటల్ లీగ్ విజేతకు ఇచ్చే గగారిన్ కప్పు మాత్రం రాలేదు. ఇదే కాలంలో అతడి డెట్రాయిట్ సహచరుడు ఫెదొరోవ్ కోచ్‌గా సీఎస్‌కేఏకు 2022, 2023లో వరుసగా రెండు కప్పులు తెచ్చాడు. పోలిక పెట్టి లారియోనోవ్‌ను చిన్నబుచ్చేవాళ్లు ఆ రెండు క్లబ్బుల ఖజానాలను కూడా పక్కపక్కన పెట్టి చూడాలి. అయినా నా మాట ఇది: ప్లేఆఫ్స్‌లో ఆట బిగుసుకున్నప్పుడు రెండో దారి వెతుక్కోకపోవడం అతడి లోపమే. అతడి మొండితనం లుగానోలో సుగుణం అయింది. బెంచీ వెనక అన్నిసార్లూ కాదు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. అతడు టోర్పెడోకు వచ్చిన ఏడాదే యుక్రెయిన్‌పై దాడి కారణంగా అంతర్జాతీయ సమాఖ్య రష్యా జట్లను పోటీల నుంచి నిషేధించింది. అతడు తీర్చిదిద్దిన కుర్రాళ్లకు ప్రపంచ పోటీల్లో దేశపు చొక్కా వేసుకునే అవకాశం లేకుండా పోయింది. అదే 2022 జులైలో సీఎస్‌కేఏ గోల్‌కీపర్ ఇవాన్ ఫెదొతోవ్, ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఫిలడెల్ఫియాతో ఒప్పందం చేసుకున్న కొద్ది నెలలకే, సైనిక సేవ ఎగ్గొట్టాడన్న ఆరోపణపై సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అదుపులోకి వెళ్లి, ఉత్తరాన నౌకాదళ స్థావరానికి చేరాడు. 2024లో గానీ ఫిలడెల్ఫియా చొక్కా వేసుకోలేకపోయాడు. 34 ఏళ్ల కిందటి లేఖను కొత్త తేదీతో మళ్లీ అచ్చు వేయవచ్చనిపించే సంఘటన అది.

2025 వేసవిలో లారియోనోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ క్లబ్బు ఎస్‌కేఏ పగ్గాలు అందుకున్నాడు. డబ్బుకు కొదవలేని, ఓటమిని సహించని క్లబ్బు. ఆ మూడు అక్షరాలకు అర్థం సైన్యపు క్రీడా క్లబ్బు. ఆ జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తుందో చెప్పడానికి నిపుణులు చాలామంది ఉన్నారు. నేను చూసేది వేరు. దారి మూసుకుపోయినప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు పక్‌తో వెనక్కి తిరిగితే బెంచీ నుంచి కేక వినిపిస్తుందా లేదా, ఓడిన రాత్రి ఆ కుర్రాడు ఇంటికి వెళ్తాడా, శిబిరానికి వెళ్తాడా అన్నది.